మీసమున్న గోడ

నా చేతిమీదుగా చాలా గోడలకు రంగు పడింది. సిమెంటు గోడలు, మట్టి గోడలు, పొద్దున ఒక పార్టీవి, సాయంత్రానికి ఇంకో పార్టీవి అయిన గోడలు. అయితే బతికున్న మనిషిని గోడ అనుకొని, నుదుటి నుంచి గడ్డం దాకా ఎర్ర ఎనామిల్ పూసి, "ఈ మరక ఇంకా పోలేదే" అని రెండో పూత కూడా వేసిన పెయింటర్ మాత్రం మా పాలమూరు మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ మనిషి దారిన పోయే దానయ్య అయినా కొంత బాగుండేది. కాదు. చిన్నప్పుడు బడిలో నాకు డ్రిల్లు నేర్పిన బాలస్వామి సార్! ఆయన ఈల ఊదితే బడి వెనక మేసే బర్రెలు కూడా వరసలో నిలబడేవి. ఇప్పుడు ఆ ముఖానికి ఎర్ర రంగు వేసినవాడి గతి ఏమై ఉంటుందో ఊహించుకొని, కాసేపు నా మీద జాలిపడి, తర్వాత చదవండి.

రెండువేల ఎనిమిది ప్రాంతం. నాగర్‌కర్నూల్‌లో 'జహంగీర్ ఆర్ట్స్' పేరుతో బోర్డులు రాసేవాణ్ణి. పేరు మాత్రమే చక్రవర్తిది. ఆస్తి అంతా రెండు నిచ్చెనలు, ఒక సైకిలు, ఒళ్ళంతా రంగు మరకలు. ఒకరోజు ఒక మిఠాయి దుకాణానికి బోర్డు రాస్తున్నాను. మొదటి అక్షరం 'శ్రీ'. ఎంత బాగా కుదిరిందంటే, లడ్డూలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా తల పైకెత్తి చూస్తున్నారు. నాకూ చూడాలనిపించింది. జర దూరం నుంచి చూస్తే ఇంకా అందంగా ఉంటుంది కదా అని ఒక అడుగు వెనక్కి వేశాను. నేల మీద నిలబడి వేస్తే ఏ ఇబ్బందీ లేదు. నేను నిచ్చెన మీద ఉండి వేశాను.

కుడి మోచెయ్యి విరిగింది. కట్టు కట్టారు, కొన్ని వారాలకు విప్పారు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మాత్రం వంగిన చోటే వంగిపోయి ఉండిపోయింది. చాయ్ కప్పు పట్టుకొని ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేది. దారిలో కనబడినవాళ్ళు "చాయ్ తాగినవా జాంగీరూ?" అని అడిగేవాళ్ళు. మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఎడమచేత్తో ఒక బోర్డు రాసి చూశాను. అక్షరాలు కల్లు తాగి ఇంటికి పోతున్నట్టు వచ్చాయి. మోచెయ్యి చాపలేని పెయింటర్‌కు నిచ్చెన ఎక్కే పని ఉండదు. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు గానీ రోజూ అదే ఆలోచన.

నన్ను చూసిన హైదరాబాద్ డాక్టర్‌గారు, "రోజూ వ్యాయామం చేయాలి. లేకపోతే ఆపరేషన్ దాకా పోతుంది" అన్నారు.

"రోజూ హైదరాబాద్ రావాలంటే ఎట్ల సార్? బస్సులనే బతకాలె" అన్నాను.

"రావద్దు. మీ ఊళ్ళో సుజాత అని మా దగ్గర పనిచేసి వెళ్ళిన ఫిజియోథెరపిస్ట్ ఉంది. ఆమె దగ్గర ఒక కొత్త మిషన్ పెట్టాం. నువ్వు అక్కడ ఆట ఆడతావు. నేను ఇక్కణ్ణుంచి ఇంటర్నెట్‌లో చూస్తాను."

"ఆటనా సార్?"

"ఆటే."

దెబ్బ మోచేతికి కదా తగిలింది, ఈయన తల గురించి అనుకుంటున్నాడా అని అనుమానం వచ్చింది. అయినా వెళ్ళాను.

సుజాత మేడం క్లినిక్ బస్టాండ్ వెనక రెండు గదులు. లోపలి గదిలో ఒక కంప్యూటరు, దాని నెత్తిన గుడ్డులాంటి ఒక కెమెరా. బల్ల మీద వైర్లు వేలాడుతున్న ఒక నల్లటి కళ్ళజోడు. కళ్ళజోడు అంటే మీరు అనుకునేది కాదు. రెండు టీవీలను పిల్లల పలకలంత చేసి కళ్ళకు అంటించినట్టు ఉంటుంది. మేడం దాన్ని నా తలకు బిగించి, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి, కుడి మణికట్టుకు అగ్గిపెట్టెంత డబ్బీ ఒకటి పట్టీతో కట్టింది.

"కుర్చీల కూసోనే ఆడాలె జాంగీర్. లేవొద్దు. ఎందుకంటే నీకు బయట ఏమున్నదో కనిపియ్యదు" అంది.

ఈ మాట గుర్తుంచుకొమ్మని మీకు చెబుతున్నాను. నేనైతే గుర్తుంచుకోలేదు.

మీట నొక్కింది. నేను నోరు తెరిచాను.

నది! నా కాళ్ళ ముందు నది పారుతోంది. చెవుల్లో నీళ్ళ చప్పుడు. భయపడి తల తిప్పితే ఆ లోకం కూడా నాతో తిరిగింది. కుడివైపు చెట్లు, ఎడమవైపు కొండ, పైకి చూస్తే ఆకాశం. నేను పాల దుకాణాల మీద, బట్టల షాపుల మీద ఎన్నో ఆకాశాలు వేసినవాణ్ణి. నా ఆకాశం కింద ఎవరూ నిలబడలేరు. దీని కింద నేను కూర్చున్నాను! ఆకులు త్రికోణాల్లా ఉన్నాయనీ, నీళ్ళు రేకులా ఉన్నాయనీ పెయింటర్‌గా తప్పులు పట్టవచ్చు. పట్టలేదు.

ఎదురుగా పెద్ద మసిగోడ. నా చెయ్యి కదిపితే అక్కడ గాలిలో ఒక చెయ్యి కదిలింది. ఆ చేత్తో గోడను తుడిస్తే మసి పోయి లోపలి నుంచి రంగులు బయటపడతాయి. చెయ్యి ఎంత చాపితే అంత పైదాకా గోడ శుభ్రమవుతుంది. నెమలి తోక కనబడింది. తల ఎట్లా ఉంటుందో చూడాలంటే మోచెయ్యి ఇంకాస్త చాపాలి. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా చాపుతున్నాను. అదే ఆ ఆటలోని కిటుకు.

చెవిలో డాక్టర్‌గారి గొంతు. "శభాష్ జహంగీర్! ఇంకొంచెం పైకి!"

అప్పటికి నేను చెయ్యి దించి, కళ్ళజోడు తీసి, మంచినీళ్ళు తాగుతున్నాను. ఆనాటి ఇంటర్నెట్ సంగతి మీకు తెలియంది కాదు. ఆయన హైదరాబాదులో ఒక మాట అంటే, అది షాద్‌నగర్‌లో చాయ్ తాగి, జడ్చర్లలో బస్సు మారి, తీరిగ్గా నాగర్‌కర్నూల్ చేరేది. మేం చేసేది ఆయనకు కనబడడం కూడా అంతే తీరిగ్గా.

ఆ రోజు నుంచి ఆ గది నాకు ఇంకో లోకం. మధ్యలో కరెంటు పోతే నదీ కొండా అన్నీ ఒక్కసారిగా ఆరిపోయేవి. చీకట్లో కూర్చొని, దేవుడు సృష్టి ఆపేస్తే ఇట్లానే ఉంటుందేమో అనుకునేవాణ్ణి.

ఒకరోజు పోయేసరికి బయటి గదిలో బెంచీ మీద బాలస్వామి సార్ కూర్చొని ఉన్నారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, సైకిల్ హ్యాండిల్ లాంటి మీసం. రిటైరై బల్మూర్‌లో ఉంటున్నారట. కుడిచేతిలో ఊతకర్ర ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఒడిలో, ఎవరో దాచమని ఇచ్చిపోయిన వస్తువులా పడి ఉంది. పక్షవాతం. నాకు తెలియకుండానే అటెన్షన్‌లో నిలబడ్డాను.

"ఎవర్రా నువ్వు?"

"జాంగీర్ సార్. ఉప్పునుంతల దిక్కు మన బడిల... లెఫ్ట్ అంటే రైట్ తిరిగెటోణ్ణి సార్."

"ఆఁ, నువ్వా! చెయ్యి ఏమైందిరా? చాయ్ తాగుతున్నవా?"

ఆయన భార్య మణెమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పింది. "చేతుల ప్రాణం ఉన్నదంటున్నరు బిడ్డా డాక్టర్లు. వాడితె వస్తదంట. ఈయన వాడడు. ఊరందరితోని చేతులు లేపిచ్చినోడు గదా, తనది సగం లేసి పడిపోతదని సిగ్గు. ఇంట్ల నేను చూస్తుంటె గూడ లేపడు."

సుజాత మేడం ఎంత బతిమాలినా సార్ కళ్ళజోడు పెట్టుకోలేదు. లోపలి గది గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకొని, నేను ఆడుతుంటే వెక్కిరించేవారు.

"ఏందిరా గిది? డబ్బా మొకానికి కట్టుకొని కోతిలెక్క గాలిని గోకుతున్నవు?"

"వైద్యం సార్. లోపల నది ఉన్నది. కొండ ఉన్నది. ఒక్కసారి చూడుండ్రి సార్."

"నాకేం పనిలేదా? పిల్లలాటలు!"

అయితే నేను నెమలి దాకా వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోయేది. నాకు కనబడేదంతా కంప్యూటర్ తెర మీద కూడా కనబడుతుంది కదా. సార్ అటే చూస్తుండేవారని మేడం తర్వాత చెప్పింది.

ఇక నా తెలివి సంగతి. కొన్ని రోజులు బాగా సాగిన చెయ్యి ఒకచోట ఆగిపోయింది. నెమలి మెడ దాకా వస్తుంది, తల రాదు. ఆలోచించాను. నా చెయ్యి ఉట్టి గాలిని నమ్మడం లేదు, దానికి కుంచె కావాలి అని తేల్చాను. మేడాన్ని అడిగితే "పట్టుకో, ఏం కాదు" అంది. పొడి కుంచె పట్టుకున్నాను. నిజంగానే చెయ్యి ఇంకొంత సాగింది! డాక్టర్‌గారు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు నాకు నిచ్చెన లాంటిది, ఎక్కితే వెనక్కి అడుగేయకుండా ఉండలేను. పొడి కుంచెకు బరువు లేదు, తడి కుంచె అయితే అసలు పెయింటింగ్ చేసినట్టే ఉంటుంది అనుకున్నాను. మగ్గుతో నీళ్ళు పక్కన పెట్టుకొని, కుంచె ముంచి ఆడడం మొదలుపెట్టాను. కాస్త గచ్చు తడవడం తప్ప నష్టమేమీ లేదు.

డాక్టర్‌గారు తుది పరీక్ష పెట్టిన రోజు వచ్చింది. చెయ్యి పూర్తిగా సాగితే సరే, లేకపోతే ఆపరేషన్. నేను నెగ్గుతానని నాకు ఎంత నమ్మకమంటే, నెగ్గగానే సుజాత మేడం క్లినిక్‌కు ఉచితంగా బోర్డు రాసిస్తానని చెప్పి, ఎర్ర ఎనామిల్ డబ్బా మూత తీసి, బాగా కలిపి, సిద్ధంగా తెచ్చుకున్నాను. ఎక్కడ పెట్టాను? నీళ్ళ మగ్గు పక్కన.

కళ్ళజోడు బిగించింది మేడం. ఇయర్‌ఫోన్లు పెట్టింది. అంతలో బయట ఎవరో పిలిస్తే "జర ఆగు, ఇప్పుడే వస్త" అని పోయింది. మణెమ్మ అప్పటికే చాయ్ తేవడానికి హోటల్‌కు పోయింది. నేను ఆగలేదు. నది పారుతోంది, నెమలి మెడ మెరుస్తోంది. చేత్తో తడుముకొని కుంచెను ముంచాను. నీళ్ళు కొంచెం చిక్కగా ఉన్నాయనిపించింది. బోరు నీళ్ళు కదా, అట్లాగే ఉంటాయిలే అనుకున్నాను.

అదే సమయంలో, చూసేవాళ్ళు ఎవరూ లేరని ధైర్యం చేసి, బాలస్వామి సార్ గుమ్మం దగ్గరి కుర్చీలోంచి లేచి, కర్ర ఊతంతో మెల్లగా లోపలికి వచ్చారు. నెమలి తల చూడాలని ఆయనకు మాత్రం ఉండదా? తెర దగ్గరగా, సరిగ్గా నా ఎదుట ఉన్న స్టూలు మీద కూర్చొని, నా చెయ్యి ఎంతదాకా సాగుతుందో చూడడానికి నావైపు తిరిగారు. నాకు ఇవేవీ తెలియవు. నాకు ఎదురుగా ఉన్నది మసిగోడ.

చెయ్యి చాపాను. నెమలి మెడ దాటింది. ఇంకా చాపాను. అందడం లేదు. లేచి నిలబడ్డాను. ఒక అడుగు ముందుకేశాను.

గోడ తగిలింది!

నిజంగా తగిలింది. ఇన్నాళ్ళూ గాలిలో ఆడినవాణ్ణి, ఇప్పుడు కుంచెకు గోడ ఆనుతోంది! నాకు ఒళ్ళు పులకరించింది. డాక్టర్‌గారు పరీక్ష రోజని ఆటను ఇంకా గొప్పగా మార్చినట్టున్నారు అనుకున్నాను.

"సార్! గోడ చేతికి తగులుతున్నది సార్! మస్తున్నది సార్!" అని హైదరాబాద్ దాకా వినబడేలా అరిచాను.

పై నుంచి కిందికి ఒక పూత. గోడ వెచ్చగా ఉంది. పొద్దంతా ఎండ తగిలిన గోడ కదా, ఎంత వివరంగా చేశారు! మధ్యలో ఒక దిమ్మె. దాని కింద గరుకుగా, దట్టంగా ఏదో ఉంది.

"సార్, గోడకు గడ్డి మొలిచింది సార్! గడ్డి సుత తగులుతున్నది!"

గడ్డిని బాగా తుడిచాను. ఆటలో ఆ చోట మసి పోవడం లేదు. రెండో పూత వేశాను. చెవుల్లో నది హోరు తప్ప ఏమీ వినబడడం లేదు. ఆ హోరులోంచి, జడ్చర్లలో బస్సు దిగి, డాక్టర్‌గారి గొంతు వచ్చింది. "వెరీ గుడ్! మోచెయ్యి పూర్తిగా వచ్చేసింది! గట్టిగా నొక్కు, భయపడకు!"

నొక్కాను. ఆయన మాట నేనెప్పుడూ జవదాటలేదు.

అప్పుడు గోడ నా చెయ్యి పట్టుకుంది.

మణికట్టు దగ్గర, ఐదు వేళ్ళతో, వణుకుతూనే గట్టిగా పట్టుకుంది. నా ఆశ్చర్యం అంతటితో భయంగా మారింది. "మేడం! మేడం! గోడ నన్ను పట్టుకున్నది! విడుస్తలేదు!" అని కేకలు పెట్టాను.

కళ్ళజోడు ఎవరో లాగేశారు. సుజాత మేడం. నేను ముందుకు చూశాను.

నా ఎదుట స్టూలు మీద బాలస్వామి సార్. నుదురు ఎర్రన, ముక్కు ఎర్రన, మీసం ఎర్రన, చొక్కా కాలర్ దాకా ఎర్రన. కళ్ళు గట్టిగా మూసుకోవడంతో అవి మాత్రం బతికిపోయాయి. ఒక కన్ను మెల్లగా తెరిచారు. ఆ ఒక్క కన్ను చాలు. బడిలో చదివిన రోజులన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

"సా... సార్... గోడ అనుకున్న సార్."

చాయ్ గ్లాసులతో మణెమ్మ లోపలికి వచ్చింది. "అయ్యో అయ్యో! రక్తం! మా సారును పొడిచిండు!" అని గ్లాసులు వదిలేసింది.

"రంగు పెద్దమ్మా, ఉట్టి రంగు!" అన్నాను. అంతలో ఆమె ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె ఆయన ముఖం వైపు చూడడం లేదు. నా మణికట్టు వైపు చూస్తోంది.

"ఓ సారూ..." అంది చిన్నగా. "గిది నీ ఎడమచెయ్యి."

అందరం చూశాం. సార్ కూడా చూశారు. కుడిచెయ్యి కర్రను పట్టుకొనే ఉంది. ఒడిలో పడి ఉండే ఆ ఎడమచెయ్యి భుజం దాకా లేచి, నా మణికట్టును పట్టుకొని ఉంది. దాన్ని ఎవరూ లేపమనలేదు. ముఖం మీదికి కుంచె వస్తుంటే అదే లేచింది.

సార్ ఆ వేళ్ళను ఎవరో కొత్తవాళ్ళను చూసినట్టు చూశారు. కాస్త విప్పబోయారు. మళ్ళీ బిగుసుకున్నాయి. ఎర్రటి చెంపల మీద నీళ్ళు జారుతుంటే మణెమ్మ కొంగుతో తుడవబోయి, రంగు చూసి ఆగింది. ఆ నదినీ కొండనూ చూసినప్పుడు నోరు తెరిచానని చెప్పాను కదా. ఈ చేతి ముందు అవి నిజంగానే పిల్లలాటలు.

చెవి నుంచి జారి వేలాడుతున్న ఇయర్‌ఫోన్‌లో డాక్టర్‌గారి గొంతు సన్నగా వినబడింది. "వన్ మినిట్... జహంగీర్ చేతిని పట్టుకున్న ఆ ఎడమచెయ్యి ఎవరిది? సుజాతా! అది ఎవరి చెయ్యి?"

సార్ గొంతు సవరించుకున్నారు. "బాలస్వామిది. డ్రిల్ మాస్టర్, రిటైర్డ్" అని కెమెరాకు చెప్పారు. తర్వాత నావైపు తిరిగి, "ఒరే జాంగీర్, ఇంగ నీ చెయ్యి విడిపిచ్చుకోరా. నాకు ముడుచుడు వస్తున్నది, తెరుసుడు ఇంకా సరిగ్గ రాలె" అన్నారు.

టర్పెంటైన్ తెస్తానంటే మేడం వద్దని నన్ను కసిరింది. కొబ్బరినూనెతో ముఖమంతా మేడం, మణెమ్మ కలిసి శుభ్రం చేశారు. ముఖం దక్కింది గానీ మీసం దక్కలేదు. ఎనామిల్ గట్టిగా పట్టేసింది. మంగలిని పిలిపించాల్సి వచ్చింది. మీసం లేని బాలస్వామి సార్‌ను చూసి బల్మూర్‌లో పిల్లలు మొదట గుర్తుపట్టలేదట. గుర్తుపట్టాక కూడా భయపడలేదట. అందుకు మాత్రం ఆయన నన్ను చాలా కాలం క్షమించలేదు.

కానీ మర్నాటి నుంచే కళ్ళజోడు పెట్టుకున్నారు. మొదటిసారి నది కనబడగానే "అరే!" అన్నారు. అంత పెద్ద మనిషి, అందరినీ వరసలో నిలబెట్టిన మనిషి, రెండు కాళ్ళూ ముడుచుకొని, నీళ్ళలో చెప్పులు తడుస్తాయేమోనని జాగ్రత్తపడుతూ కూర్చున్నారు. ఎడమచెయ్యి వణుకుతూ లేచేది, పడిపోయేది. "ఎవడన్న నవ్విండ్రా?" అనేవారు. "లేదు సార్" అనేవాణ్ణి. మళ్ళీ లేపేవారు. వానలు పడేనాటికి ఎడమచేత్తో గ్లాసు పట్టుకోగలిగారు. ఆ తర్వాత చొక్కా గుండీలు తానే పెట్టుకున్నారు. పూర్వంలా కాలేదు, కానీ దాచమని ఇచ్చిపోయిన వస్తువులా మాత్రం లేదు.

నా చెయ్యి? పూర్తిగా సాగింది. ఆపరేషన్ తప్పింది. క్లినిక్ బోర్డు కూడా రాశాను, నీలం రంగుతో. ఎరుపు వద్దని మణెమ్మ కచ్చితంగా చెప్పింది.

డాక్టర్‌గారు ఫోన్‌లో సుజాత మేడాన్ని పదేపదే అడిగేవారట. "బాలస్వామిగారితో చేయించిన ఆ వ్యాయామం ఏమిటి? మిగతా పేషెంట్లకు కూడా చెబుదాం."

"చెప్పొచ్చు సార్. కానీ ఒక్కొక్క పేషెంటుకు ఒక పెయింటర్ కావాలె, ఒక మీసం పోతది" అందట ఆమె.

అందువల్ల, కుడి మోచెయ్యి పూర్తిగా చాపి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా ఏ గోడ మీదా చూడకుండా కుంచె పెట్టను. ముందు ఎడమచేత్తో మెల్లగా తడిమి చూస్తాను. ఎండకు వెచ్చగా ఉంటే పరవాలేదు. మీసం తగిలితే మాత్రం, "నమస్తే సార్" అని, డబ్బాకు మూతపెట్టి, నిచ్చెన భుజాన వేసుకొని ఇంటికి పోతాను.